కొండ అంటే ఊటీ అనుకున్నాను

23 ఏప్రిల్ 1997
ఈ రోజుతో స్కూలుకి సెలవులు. కొత్తపేటలో ఆరేళ్లుగా సోషల్ చెబుతున్నాను. ఏటా అదే పాఠం, వేసవి విడుదులు. ఊటీ, కొడైకెనాల్, సిమ్లా. మే నెలలో కూడా అక్కడ స్వెట్టర్లు వేసుకుంటారని చెప్పగానే, ఏడో తరగతి భవానీదేవి లేచి, మీరు చూసేరాండీ టీచరుగారూ అని అడిగింది. లేదన్నాను. మరి చలేస్తుందని ఎలా తెలుసండీ అంది. క్లాసంతా నవ్వింది.

నాకు ఒళ్లు మండింది. ఆ పిల్ల మీద కాదు. కోనసీమలో పుట్టి కోనసీమలోనే మెట్టిన దాన్ని, ఏటిగట్టు కంటే ఎత్తయినది ఎక్కి ఎరగను. నేను చూడని కొండలకి మార్కులు వేస్తున్నాను! ఈ సెలవుల్లో చూసొచ్చి చెబుతానని పిల్లలకి మాటిచ్చేశాను.

25 ఏప్రిల్, శుక్రవారం
మస్కట్ నుంచి ఆయన ఫోన్. వచ్చే నెల ఆరున దిగుతున్నారు. నెల రోజుల లీవు.

మా ఇంట్లో ఫోను హాల్లో ఉంటుంది. ఫోను పక్కన కుర్చీ, కుర్చీలో అత్తయ్యగారు. ఆవిడ ముందు ఊటీ అనడానికి నోరు రాలేదు. పెళ్లయి నాలుగేళ్లయినా ఆ మాట హనీమూన్‌లాగే వినిపిస్తుంది. అందుకని, ఈసారి కొండకెళ్దామండీ అన్నాను. ఆయ్, అలాగే అన్నారు. అంతలో లైను కట్టయింది.

28 ఏప్రిల్
కొంప మునిగింది. ఇక్కడ పేరు చెప్పకుండా కొండ అంటే తిరుపతి కొండే! పిల్లలకి పర్వతాలు బట్టీ పట్టించే దాన్ని, ఈ ముక్క నాకు తట్టలేదు. మా కోడలు కొండకి మొక్కుకుందండీ అని అత్తయ్యగారు వీధంతా చెప్పేశారు. మరిది నాగబాబు వ్యాను మాట్లాడేశాడు. ఆడపడుచులూ, తోటికోడలి పుట్టింటివాళ్లూ, అందరూ వస్తారట.

నేనన్నది ఊటీ అండీ అని చెప్పాను. ఆవిడ హడలిపోయి లెంపలు వేసుకున్నారు. నా చేత కూడా వేయించారు. కొండ అని నోటితో అన్నాక అది మొక్కేనట. అన్న నోరే తీర్చాలట. లేకపోతే స్వామి వడ్డీతో సహా వసూలు చేస్తాడట.

2 మే
ఎదురింటి సత్యనారాయణమ్మగారు వచ్చి, తలనీలాలు మూడు కత్తెర్లేనా, గుండా అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్యగారు, గుండేనండీ, దాని కడుపు పండాలి కదండీ అనేశారు.

మొగుడు సముద్రానికి అవతల ఉంటాడు. ఏడాదికి ఒక్క నెల కాపురం. అందులో సగం రోజులు చుట్టాలకి సెంటు సీసాలు పంచడంతోనే సరి. అయినా పిల్లలు పుట్టకపోవడం నా జుట్టు చేసిన నేరం! ఆయన మీసం ఎందుకు అడగరు? ఈ మాట పైకి అనలేదు. అనాల్సింది.

3 మే
తల దువ్వుకుంటుంటే ఏడుపొస్తోంది. ఏడవను.

7 మే
నిన్న దిగారు. ఈ పొద్దున పెరట్లో పళ్లు తోముకుంటుంటే పట్టుకుని, కొండంటే ఊటీ అని, మనిద్దరమే అని చెప్పాను. బ్రష్ నోట్లో పెట్టుకునే పడీ పడీ నవ్వారు. ఊటీ ఎక్కడికి పోతుందే వాణీ, వచ్చేసారి చూద్దాం అన్నారు.

వచ్చేసారి ఫ్రిజ్. వచ్చేసారి వీసా. ఇప్పుడు వచ్చేసారి ఊటీ. పోనీ నా జుట్టు సంగతేమిటి అంటే, అమ్మ అందరికీ చెప్పేసింది కదా, మళ్లీ మొలుస్తుందిలే అన్నారు. కోసిన గడ్డా మొలవడానికి?

8 మే
తిరుమలకి కూడా ఘాట్ రోడ్డే కదా అంటున్నారు!

11 మే
రేపు ప్రయాణం. అత్తయ్యగారు నన్ను హాల్లో పీట మీద కూర్చోబెట్టి, ఇదే ఆఖరని కాబోలు, గిన్నెడు కొబ్బరినూనె తలకి పట్టించారు. చుట్టాలంతా చుట్టూ చేరి, ఎంత జుట్టండీ, ఎంత భక్తండీ అని ఒకటే పొగడ్తలు.

ఇక ఆగలేకపోయాను. నేను కొండ వరకే అన్నానండీ అత్తయ్యగారూ, కొండకి వస్తాను, గుండు అన్న నోరు మాత్రం మీది, అన్న నోరే తీర్చాలని చెప్పింది మీరే అన్నాను. నాగబాబు వ్యాను చూసొస్తానని జారుకున్నాడు. ఆయన వాణీ అని కసిరారు. అత్తయ్యగారు జడ అల్లడం మొదలుపెట్టారు.

13 మే, తిరుమల
అత్తయ్యగారు ఎవరికీ చెప్పకుండా కల్యాణకట్టలోకి వెళ్లి గుండుతో బయటికి వచ్చారు. కోపంలో అన్నానండీ, ఎందుకిలా చేశారండీ అని ఏడ్చేశాను. నువ్వు చెప్పింది న్యాయమే కదే, అన్నది నేనే కదే అన్నారు.

తర్వాత ఆయన్ని పిలిచి, దీన్ని ఇటునుంచి ఇటే ఊటీ తీసుకెళ్లరా అన్నారు. ఆయన తల గోక్కున్నారు. అమలాపురంలో ఎవరితోనో స్థలం చూసే పని ఉందట. అందరి ముందూ ఇద్దరమే దిగిపోతే బాగుండదట. వచ్చేసారి తప్పకుండానట.

ఆయన మీద ఆవిడకి కోపం రావడం ఇదే చూడటం. మీ నాన్న కూడా ఇలాగే అనేవోర్రా, ఆ వచ్చేసారి రాకుండానే పోయేరు అన్నారు. వ్యానులోంచి తన సంచీ దింపించారు. ఆ తర్వాత నాది.

16 మే, ఊటీ
చలి నిజమే. పళ్లు టకటకలాడుతున్నాయి. అత్తయ్యగారు గుండుకి మఫ్లర్ చుట్టుకుని, ఒక్క కొబ్బరిచెట్టయినా లేదు, పాపం వీళ్లు పచ్చడి దేంతో చేసుకుంటారే అని అడుగుతున్నారు.

ఆయన గుర్తొచ్చేసరికి సాయంత్రమైంది.