తూనీగకు తగలని దెబ్బ

మా లిఫ్టు మేస్త్రికి,

ప్రేమగానే మొదలుపెడుతున్నాను, చివరిదాకా అలాగే ఉంటుందని మాట ఇవ్వలేను. ఫోనులో చెప్పచ్చుగా అంటావు. ఫోనులో నేను రెండు ముక్కలు మాట్లాడేసరికి "సరేలే, భోంచేశావా?" అని మాట మార్చేస్తావు. కాగితంతో ఆ బెడద లేదు.

ఇక్కడ శిక్షణ బాగానే సాగుతోంది. కొత్త యంత్రం నోటి కొలత తనే తీసుకుని కట్టుడు పన్ను తనే చెక్కేస్తుంది. పదేళ్ళుగా మైనం కరిగించి చేత్తో పళ్ళు చేసినదాన్ని, దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడుతున్నాను. ఇంకో మూడు వారాల్లో శిక్షణ అయిపోతుంది. ఈ ల్యాబ్ వాళ్ళు ఇక్కడే ఉద్యోగంలో చేరిపొమ్మంటున్నారు. ఉండిపోదామనే అనుకుంటున్నాను. ఎందుకో చెప్తాను, కంగారు పడకుండా చదువు.

ఇదంతా తూనీగ దగ్గర మొదలైంది.

నేను ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన నాలుగో నెలలో నువ్వు నాకా పాత్రలు కట్టి పాచికలు వేసే ఆట నేర్పావు. గోడలకేసి చూస్తూ కూర్చుంటున్నానని. ఆదివారం మధ్యాహ్నాలు మన వంటింటి బల్ల చుట్టూ నలుగురం. నువ్వు నీ ముందు అట్ట అడ్డం పెట్టుకుని కథ నడిపేవాడివి, దాని వెనక మాకు కనబడకుండా రాక్షసుల తరఫున పాచికలు వేసేవాడివి. మేం తలా ఒక పాత్ర. మీ అక్క, మా వదిన, ఆరడుగుల యోధురాలు. పిల్లలకి ఈత నేర్పే ఆవిడ, ఆ గొంతుకి అదే సరిపోయింది. కండక్టరుగా రిటైరైన మీ బాబాయిగారు దొంగ. "ముప్ఫై ఏళ్ళు టికెట్ లేనివాళ్ళని పట్టుకున్నానమ్మా, ఇప్పుడు నన్నెవరు పట్టుకుంటారో చూస్తా" అన్నారు.

నేను జానెడు పొడుగున్న దేవకన్యనవుతానన్నాను. "అంటే దెబ్బలకి మందు రాస్తుందా?" అని అడిగారాయన. "కాదు, దెబ్బలు కొడుతుంది" అన్నాను. వాళ్ళిద్దరూ పడీపడీ నవ్వారు. నువ్వు నవ్వలేదు. జాలిగా చూశావు. ఆ నవ్వులకన్నా నీ చూపే నాకు ఎక్కువ మండింది.

మూడు వారాలు కూర్చున్నాను దాని మీద. ఆ జానెడుది కత్తి ఎత్తలేదు, కవచం మోయలేదు, ప్రాణం తొమ్మిదంటే తొమ్మిది పాయింట్లు. రాక్షసుడి గద ఒక్కసారి తగిలిందా, పచ్చడే. అందుకని బలం మీద ఒక్క పాయింటు కూడా దండగ చెయ్యలేదు, ఉన్నదంతా చురుకుదనం మీద పోశాను. ఈటె అందని ఎత్తులో ఎగరడం, వదిన భుజం వెనక నక్కడం, రాక్షసుడు వదిన మీదికి తిరగ్గానే దిగి మెడలో సూది పోటు పొడిచి తుర్రుమనడం. రాక్షసుడి తరఫున నువ్వు వేసే ఇరవై ముఖాల పాచిక మీద పదిహేడు, ఆపైన పడితేనే నా దేవకన్యకి దెబ్బ తగిలేట్టు లెక్క కట్టాను. ల్యాబ్‌లో మిగిలిన మైనంతో బొమ్మ చెక్కి, పళ్ళకి వాడే లోహంతోనే పోత పోసి, సన్న తీగతో రెక్కలు చుట్టాను. బొటనవేలి గోరంత బొమ్మ. తూనీగ అని పేరు పెట్టాను.

ఎందుకంత పట్టుదలో నీకెప్పుడూ చెప్పలేదు. ఆసుపత్రిలో నాకు మెలకువ వచ్చాక నువ్వన్న మాట గుర్తుందా? "పుట్టగానే పోయింది. ఏడో నెల పిల్ల, అంత చిన్న ప్రాణం ఏం పోట్లాడగలదు చెప్పు." ఓదార్చడానికే అన్నావు. అప్పటికే పాపని తీసుకెళ్ళి అన్నీ పూర్తిచేసి వచ్చేశావు. నాకు ముఖమైనా చూపించలేదు. తట్టుకోలేవు అన్నావు. తర్వాత నేను పాప ఊసెత్తినప్పుడల్లా టీ పెట్టడానికి లేచావు. ఎన్ని టీలు తాగానో నాకే తెలీదు. అంత చిన్నది కూడా పోట్లాడగలదని నాకు ఎక్కడో ఒకచోట, కనీసం వంటింటి బల్ల మీదైనా చూడాలనిపించింది. అందుకే తూనీగ.

పదకొండు ఆదివారాలు ఆడాను. ఒక్క దెబ్బా తగల్లేదు. నా లెక్క గెలిచిందని ల్యాబ్‌లో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకుని మురిసిపోయాను. పదకొండో ఆదివారం నీ పక్కనున్న గిన్నెల బీరువా తలుపు సగం తెరుచుకుని ఉంది. దాని అద్దంలో నీ అట్ట వెనక పాచిక కనిపించింది. దాని మీద పంతొమ్మిది. "ఆరు, తూనీగ తప్పించుకుంది" అన్నావు. తర్వాత పద్దెనిమిది పడింది. "నాలుగు" అన్నావు. వదిన మీద వేసినవి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పావు.

నాకు ఆట మీద కోపం రాలేదు. ఆట కాబట్టి బయటపడింది, బయటపడనివి ఇంకెన్ని ఉన్నాయో అనిపించింది. మర్నాడే ఈ శిక్షణకి పేరిచ్చాను. లిఫ్టు పడిపోకుండా చూడటం నీ ఉద్యోగం, ఒప్పుకుంటాను. కానీ నేను లిఫ్టుని కాను.

తూనీగ బొమ్మ, దాని లెక్కలు రాసుకున్న కాగితం దీనితో పంపుతున్నాను. ఈ ఆదివారం నా బదులు వదిన ఆడుతుంది. అట్ట తీసెయ్. పాచికలు అందరి ముందూ వెయ్. ఆ తర్వాత పాప గురించి నువ్వు దాచింది ఏమైనా ఉంటే అది కూడా అలాగే నా ముందు పెట్టు. పెట్టలేనంటే నేనిక్కడే ఉండిపోతాను. అలాంటి ఇంట్లో నాకు ఊపిరాడటం లేదు.

నీ పళ్ళ మేస్త్రి


పళ్ళ మేస్త్రికి,

నాకు ఉత్తరాలు రాయడం రాదు. లిఫ్టు రిపోర్టులు రాయడం వచ్చు. ఏం జరిగింది, లోపం ఎక్కడ, ఎవరి తప్పు. అలాగే రాస్తాను.

ఆదివారం అట్ట చింపేశాను. అక్క నీ బదులు ఆడింది. తూనీగ నాలుగు దెబ్బలు తప్పించుకుంది. నిజంగానే తప్పించుకుంది, నేనేం చెయ్యలేదు. నీ లెక్క గట్టిది. దాన్ని నేనెందుకు నమ్మలేదో అని అప్పుడే సిగ్గేసింది. ఐదోసారి పంతొమ్మిది పడింది. గద దెబ్బ పద్నాలుగు. తూనీగకి ఉన్నది తొమ్మిది. "బల్ల అంచుకి తగిలిందిరా, ఇంకోసారి వెయ్" అన్నాడు బాబాయి. తగల్లేదు. "చచ్చిపోయింది" అన్నాను. ఆ మాట నా నోటితో అన్నాక ఇక ఆగలేకపోయాను. బాబాయి ముందు, అక్క ముందు, బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. అక్క నా వీపు మీద చెయ్యి వేసి, "ఇన్నాళ్ళకి ఏడ్చావురా" అంది.

ఇక లోపం. పాప పుట్టగానే పోలేదు. నలభై నిమిషాలు బతికింది.

నువ్వు మత్తులో ఉన్నావు. కిలో రెండొందల గ్రాములని నర్సు చెప్పింది. గొట్టాలు పెట్టారు, తర్వాత లాభం లేదని తీసేసి నా చేతుల్లో పెట్టారు. జుట్టు నీకులాగే నుదుటి మీదికి దిగి ఉంది. నా చూపుడువేలు పట్టుకుంది. గుడ్డ సరిచేద్దామని వేలు లాక్కోబోతే వదల్లేదు. మధ్యలో ఊపిరి ఆగిపోయేది. అయిపోయింది అనుకునేవాణ్ణి. మళ్ళీ తీసేది. మూడుసార్లు అలా జరిగింది. నిన్ను లేపమని నేను డాక్టర్ని అడగలేదు. అడిగితే కుదిరేదో లేదో తెలీదు, కానీ అడగలేదు. అది నా తప్పు.

నువ్వు కళ్ళు తెరిచాక, పాప నలభై నిమిషాలు బతికింది, నువ్వు పక్క గదిలోనే ఉన్నావని ఏ మొహం పెట్టుకుని చెప్పను? పుట్టగానే పోయిందన్నాను. ఆ అబద్ధం నిలబడాలని, అంత చిన్నది ఏం పోట్లాడగలదు అని రెండోది ఆడాను. పోట్లాడింది. దానంతగా పోట్లాడినవాళ్ళని నేను చూడలేదు.

నెలలో మొదటి శనివారం ఎక్స్‌ట్రా డ్యూటీ అని చెప్తానే, అదీ అబద్ధమే. కాలువ అవతల శ్మశానంలో చిన్నపిల్లలకని వదిలిన జాగా ఉంది. గోడవారగా మూడోది మన పాపది. అక్కడికే వెళ్తున్నాను.

తూనీగ బొమ్మ బల్ల మీద పడినచోటే ఉంది. ఎవర్నీ తియ్యనివ్వలేదు, పక్కనే పళ్ళెం పెట్టుకుని తింటున్నాను. ఇదంతా నిన్ను రప్పించుకోవడానికి రాయలేదు. నువ్వు అడిగావు, చెప్పాను. అక్కడే ఉంటానంటే నేను కాదనలేను.

నీ లిఫ్టు మేస్త్రి


నీకు,

ఉత్తరం పొద్దున్న ల్యాబ్‌లో అందింది. అక్కడే చదివి అక్కడే కూలబడ్డాను. పక్క బల్ల అమ్మాయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

నీ మీద కోపం పోలేదు. ఆ నలభై నిమిషాల్లో నాకూ వాటా ఉంది. అంతా నువ్వే ఉంచుకున్నావు. అది ఎప్పటికైనా క్షమిస్తానో లేదో ఇప్పుడు చెప్పలేను. ఇక్కడి వాళ్ళకి కూడా ఇంకా ఏ జవాబూ ఇవ్వలేదు. కానీ తట్టుకోలేవన్నావే, సాయంత్రంలోగా ఆరు పళ్ళు చేశాను, యంత్రంతో కాదు, చేత్తో. ఒకటి వంకర వచ్చింది, అంతే.

వచ్చేది మొదటి శనివారం. నా రైలు పదింటికి వస్తుంది. స్టేషనుకి రావద్దు, నా పెట్టె నేను మోసుకుంటాను. కాలువ అవతల, గోడ దగ్గర ఉండు. తూనీగని జేబులో వేసుకుని తీసుకురా. అక్కడ నేను పడిపోయేట్టు కనిపించినా పట్టుకోకు, పడనివ్వు.

చూపుడువేలు అని రాశావు, ఏ చెయ్యో రాయలేదు. కుడిదా, ఎడమదా? నేను వచ్చేదాకా గుర్తుంచుకో. ముందు ఆ వేలు పట్టుకోవాలి.

పాప వాళ్ళమ్మ