ఎనిమిది మంది పేర్లున్న సంచి

ఫిబ్రవరి 2, ఆదివారం

ఈ రోజు నా కారు అద్దం పగలగొట్టారు. పట్టపగలు. పెళ్ళి బ్యాండు మోగుతుండగా.

ఫంక్షన్ హాల్ గోడ పక్కన కారు పెట్టాను. లోపలికి వెళ్ళి అక్షింతలు వేసి, అన్నం తిని వచ్చేసరికి ముప్పావు గంట. వెనక ఎడమవైపు అద్దం లేదు. సీటు నిండా పటికబెల్లం పలుకుల్లా గాజు. సీటు మీద పెట్టిన సంచి లేదు.

మొదట నవ్వొచ్చింది. దొంగ అది లేడీస్ పర్స్ అనుకుని ఉంటాడు. అందులో ఉన్నది ఒక నీలం ఫైలు, ఒక నోట్‌బుక్. తీసి చూసుకున్నప్పుడు వాడి ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ కారు తీశాను. రైతుబజార్ దాటేలోపు నవ్వు ఆగిపోయింది.

ఫైల్లో నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటున్న ఎనిమిది మంది ఆడవాళ్ళ ఆధార్ జిరాక్సులు, ఫోటోలు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. నోట్‌బుక్‌లో ప్రతి క్లాసు తర్వాత నేను రాసుకునేవి ఉన్నాయి. రజని: రివర్స్ బాగుంది, హారన్ ఎక్కువ. జ్ఞానమ్మ: బ్రేక్ మీద నిలబడుతుంది. నిర్మలమ్మ: మూడో గేరు వచ్చింది. ఇంట్లో తెలియదు. ఇంటికి ఫోన్ చేయకూడదు.

ఆ చివరి రెండు ముక్కలు ఎందుకు రాశాను?

అదే రోజు, సాయంత్రం 6

పోలీస్ స్టేషన్‌కు వెళ్ళొచ్చాను. విలువైనవి ఏం పోయాయని కానిస్టేబుల్ అడిగాడు. ఎనిమిది మంది ఆడవాళ్ళ కాగితాలు అన్నాను. అతను "ఒక హ్యాండ్‌బ్యాగ్" అని రాశాడు. అది కొట్టేసి మళ్ళీ రాయమన్నాను. ఏ కాగితాలు, ఎన్ని, ఎవరివి, అన్నీ. నాతో వచ్చిన మా ఆయన మల్లేశ్ మోచేత్తో పొడుస్తూనే ఉన్నాడు. అయినా రాసేదాకా నేను కదల్లేదు.

నేను దేవికను. టేక్మాల్‌లో ట్రాక్టర్ నడిపిన లక్ష్మయ్య కూతుర్ని. పదిహేనేళ్ళకే నాన్న నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాడు. ఈ ఊళ్ళో ఆడవాళ్ళకు ఒక ఆడమనిషి కారు నేర్పడం నాతోనే మొదలు. గొప్పలు చెప్పుకోవడం కాదు. కాదులే, గొప్పే.

ఫిబ్రవరి 3, సోమవారం

పొద్దున ఐదున్నరకు గ్రౌండ్‌లో క్లాస్ తీసుకున్నాను. అద్దం స్థానంలో పాలిథిన్ కవర్, చుట్టూ టేపు. బండి కదిలితే చాలు, టపటపా కొట్టుకుంటోంది.

మల్లేశ్ మోటార్ల షాపులో పనిచేస్తాడు. గిరాకీ అంటే ఏమిటో తెలిసినవాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. ఆ కాగితాలు ఏ మురిక్కాలువలోనో పడి ఉంటాయని, చెప్తే ఉన్న ఎనిమిది మంది కూడా పోతారని, ఆరేళ్ళు కట్టుకున్న పేరు ఒక్కరోజులో పోతుందని. తప్పుడు మాటలేం కావు. రోజంతా ఆ మాటలే తలలో తిరిగాయి.

కానీ ఎవడి చేతిలోనో నా ఫోటో, నా నంబర్ ఉంటే నాకు తెలియాలి కదా. వాళ్ళకూ అంతే. రేపు చెప్తాను.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఏడుగురికి చెప్పాను. ఫోన్లో కాదు. ఒక్కొక్కరి ఇంటికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని.

ఒకే ఇంటి తోడికోడళ్ళు ఇద్దరు మానేశారు. వాళ్ళు కాదు, వాళ్ళ అత్త మాన్పించింది. కోడళ్ళ ఫోటోలు ఎవడి జేబులో ఉన్నాయో చెప్పమంది. తప్పు నాదేనని ఒప్పుకుని లేచాను. చిన్న కోడలు గేటు దాకా వచ్చింది. నేను చెప్పులు వేసుకుంటుంటే అలాగే నిలబడి చూసింది.

జ్ఞానమ్మ పెద్ద దవాఖానలో నర్సు. ఆమె కోపమూ పడలేదు, ఓదార్చనూ లేదు. ఆధార్ ఎలా లాక్ చేసుకోవాలో ఫోన్లో చూపించింది. తర్వాత అదే పద్ధతి అందరికీ గ్రూపులో పెట్టింది. రజనికి అప్పటికే తెలియని నంబర్ నుంచి రెండు కాల్స్ వచ్చాయట. బ్లాక్ చేసిందట. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే కష్టం.

ఇక మిగిలింది నిర్మలమ్మ. ఆమెకు ఫోన్ చేయలేను. ఇంటికి వెళ్ళలేను.

ఫిబ్రవరి 5, బుధవారం

నిర్మలమ్మ బుధవారం, శనివారం పదింటికి వస్తుంది. యాభై ఆరేళ్ళు. శంకరంపేట రోడ్డులో రైస్ మిల్లు వాళ్ళది. దామోదర్ సారు అంటే ఈ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఇంటి ముందు పెద్ద కారు, దానికో డ్రైవర్. ఆమె మాత్రం ఆటోలో వస్తుంది. ఇంట్లో మోకాళ్ళ ఫిజియోథెరపీ అని చెప్పింది. నొప్పి తగ్గిందా అని సారు అడుగుతుంటాడట, మస్తు తగ్గిందని చెప్తుందట. ఆ సంగతి చెప్పినప్పుడల్లా చిన్నపిల్లలా నవ్వేది.

ఈ రోజు ఇంజన్ ఆపి చెప్పాను. నోట్‌బుక్‌లో ఏం రాశానో అది కూడా. చెప్పకుండా దాటేయొచ్చు. కానీ ఆ పుస్తకం బయటపడితే ఆమె తయారుగా ఉండాలి.

ఎందుకు రాశావని అడిగింది. మర్చిపోయి ఎప్పుడైనా ఫోన్ చేస్తానేమోనని, అన్నాను. ఆమె అన్నది ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నాకు కారేసుకోని పోయే పనేం లేదు బిడ్డా. రేగోడ్ ఊర్ల మా చెల్లె ఉంటది, గంతే. కానీ పోవాల్నంటే డ్రైవర్ తిన్నడా, సారుకు బండి పనున్నదా, గివన్ని అడగాలె. అడగంగ అడగంగ పోబుద్ధే పోయింది."

తర్వాత తాళం తిప్పింది. గంట నడిపింది. ఒక్కసారి కూడా బండి ఆగిపోలేదు. దిగేటప్పుడు, శనివారం లోపల తానే సారుకు చెప్తానంది.

ఫిబ్రవరి 6, గురువారం

సీటు సందులో ఇంకో గాజు పలుకు. వేలు తెగింది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

కూరగాయలకు వెళ్ళి కారు చూసుకోవడానికి మూడుసార్లు వెనక్కి వచ్చాను. మూడుసార్లు. సంచి పోయినందుకంటే దీనికే ఎక్కువ మండుతోంది. వాడెవడో అద్దంతో పాటు నా ధీమా కూడా పట్టుకుపోతానంటే ఎలా? నాలుగోసారి కాళ్ళు లాగినా వెళ్ళలేదు. తోటకూర, చిక్కుడుకాయ నెమ్మదిగా ఏరుకుని తీసుకున్నాను. చెమట పట్టింది. అయినా తీసుకున్నాను.

కొత్త అద్దం సోమవారం హైదరాబాద్ నుంచి వస్తుందని మెకానిక్ పరమేశ్ చెప్పాడు.

ఫిబ్రవరి 8, శనివారం

పొద్దున తొమ్మిదికి తెలియని నంబర్. దామోదర్ సారు.

సంచి దొరికింది. జకరయ్య అనే మేకలకాపరికి కాలువ గట్టు పొదల్లో కనబడిందట. లోపల ఫోటోల్లో నిర్మలమ్మను గుర్తుపట్టి, పెద్దింటి కాగితాలని నేరుగా తీసుకెళ్ళి సారు చేతిలో పెట్టాడు. నిన్న సాయంత్రం. ఆమె అప్పటికి ఇంకా చెప్పలేదు. ఈ రోజు పొద్దున చెప్దామనుకుందట. ఒక్క పూట తేడా.

పావు తక్కువ పదికి సారు గ్రౌండ్‌కు వచ్చాడు. డ్రైవర్‌ను దూరంగా ఉండమన్నాడు. సంచి నాకు ఇచ్చాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికయ్యేది.

"పుస్తకం మొత్తం సదివిన. మూడో గేర్ వచ్చిందంట."

"అది నా పుస్తకం సార్. మీరు సదివేది కాదు."

ఆయనతో అలా మాట్లాడినవాళ్ళు తక్కువ అనుకుంటాను. రేపటి నుంచి ఆమె రాదని, నేను కూడా రానివ్వొద్దని చెప్పాడు. ఆ మాట ఆమె చెప్పాలి, నేర్చుకునేది ఆమె, అన్నాను.

అప్పుడే ఆటో వచ్చింది. నిర్మలమ్మ దిగింది. ఆయన్ని చూసింది. వెనక్కి తిరిగిపోతుందనుకున్నాను. కొంగు నడుముకు దోపుకుని నేరుగా నడిచి వచ్చింది. ఎందుకు చెప్పలేదని ఆయన అడిగాడు. అడగడంలో కోపం కంటే ఇంకేదో ఉంది. ఊళ్ళో అందరికంటే చివర తెలిసినవాడి గొంతు.

"చెప్తే మీరు వద్దంటరు," అంది. "వద్దన్నంక నేర్చుకుంటే మీ మాట దాటినట్టయితది. ముప్పై ఐదేండ్లల్ల ఒక్కనాడు దాటలే. అందుకే అడగలే."

ఆమె నా కారు డ్రైవర్ వైపు తలుపు తీసింది.

"నాకు గంట క్లాసున్నది. కూసుంటే ఎనక కూసోండ్రి. లేకుంటే ఇంటికాడ మాట్లాడుకుందాం."

కూర్చున్నాడు. పాలిథిన్ ఉన్న వైపే. నేను పక్క సీట్లో, కాళ్ళ కింద నేర్పేవాళ్ళకుండే రెండో బ్రేక్‌తో. గ్రౌండ్ దాటి రోడ్డెక్కాం. కవర్ టపటపా కొట్టుకుంటుంటే ఆయన దాన్ని అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. ఎదురుగా ఊక లోడుతో లారీ వచ్చింది, రోడ్డు సగానికి పైగా ఆక్రమించి. వెనక నుంచి బ్రేక్, బ్రేక్ అన్నాడు. నా పాదం బ్రేక్ మీదికి వెళ్ళింది. నొక్కలేదు. నిర్మలమ్మ గేరు తగ్గించింది, ఎడమకు దింపింది, లారీ పోనిచ్చింది, మళ్ళీ ఎక్కించింది.

తిరిగి వచ్చాక ఆయన దిగి తన కారెక్కాడు. ఆమె కూడా ఎక్కింది. వెనక సీట్లో ఆ మూలకొకరు, ఈ మూలకొకరు. వెళ్ళిపోయారు.

ఫిబ్రవరి 9, ఆదివారం

జకరయ్యను వెతుక్కుంటూ వెళ్ళి థ్యాంక్స్ చెప్పాను. స్టేషన్లో ఇస్తే వంద ప్రశ్నలు అడుగుతారని నేరుగా సారు ఇంటికి తీసుకెళ్ళాడట. మంచి పని చేశానని సంబరంగా ఉన్నాడు. చేసింది మంచి పనే. దాని వల్ల ఏమైందో ఆయనకు చెప్పలేదు.

స్టేషన్లో కూడా చెప్పాను, దొరికిందని. ఊపిరి పీల్చుకున్నారు. దొంగ దొరకలేదు కదా అంటే, చూస్తాం మేడం అన్నారు. చూడరు. ఫర్వాలేదు, వాడి కోసం నేను కూర్చోను.

ఫిబ్రవరి 10, సోమవారం

అద్దం వేయించాను. కారులో ఎంత నిశ్శబ్దంగా ఉందో.

ఫిబ్రవరి 12, బుధవారం

నిర్మలమ్మ రాలేదు.

ఫిబ్రవరి 15, శనివారం

రాలేదు. ఆ స్లాట్ ఇంకొకరు అడిగారు. ఇవ్వలేదు. పదింటి నుంచి పదకొండు దాకా ఖాళీ కారులో కూర్చున్నాను. చెప్పకుండా ఉండాల్సిందా అని ఒకసారి అనిపించింది. ఒక్కసారే. చెప్పకపోయినా సంచి ఆ ఇంటికే చేరేది. ఆమెకు ఏమీ తెలియకుండా చేరేది, అంతే తేడా.

ఫిబ్రవరి 19, బుధవారం

వచ్చింది!

ఆటోలో కాదు, వాళ్ళ కారులో. డ్రైవర్ దింపి వెళ్ళాడు. కొంచెం చిక్కింది. పది రోజులు ఇంట్లో ఇద్దరి మధ్యా మాటల్లేవట. ఆయన మిల్లులోనే తిన్నాడు. ఆమె బతిమాలలేదు. క్లాసుకూ రాలేదు. ఎందుకు రాలేదంటే, ఇప్పుడు ఆయన వద్దన్నాడు కాబట్టి, అంది. మాట దాటనన్నది దాటలేదు. కానీ ఆ మాట ఆయనే వెనక్కి తీసుకోవాలని పట్టుబట్టి కూర్చుంది. నిన్న పొద్దున ఆయన వాకిట్లో నిలబడి, ముఖం అటు తిప్పుకుని, టెస్ట్ ఎప్పుడని అడిగాడట. మార్చి ఆరో తారీఖు అని చెప్పిందట.

గట్ల అడుగుడే ఆయనకు మస్తు కష్టం బిడ్డా, అంది. ఆమె గొంతులో గెలిచిన ధ్వని లేదు. జాలి ఉంది. అది అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

తర్వాత రివర్స్ చేసి, గుర్తుకు నిలబెట్టిన రెండు రాళ్ళు పడగొట్టింది. బాగా తిట్టాను.

ఫిబ్రవరి 24, సోమవారం

తోడికోడళ్ళలో చిన్నది ఫోన్ చేసింది. మళ్ళీ వస్తానంది. అత్తకు చెప్పే వస్తానంది. పెద్దది రాదట. నేను వెళ్ళి అడగను. ఆమె ఇష్టం.

మార్చి 6, గురువారం

టెస్ట్. నలుగురిని తీసుకెళ్ళాను. జ్ఞానమ్మ పాస్. రజని పాస్, హారన్ కొట్టకుండా. చిన్న కోడలు ఇంకా నేర్చుకోవాలి, చూడ్డానికి వచ్చింది, అంతే. నిర్మలమ్మ చివర.

దామోదర్ సారు వచ్చాడు. లోపలికి రాకుండా ఫెన్సింగ్ బయట ఎండలో నిలబడ్డాడు. డ్రైవర్ గొడుగు తెస్తే వద్దన్నాడు. ఆమె ఎనిమిది అంకె తిప్పుతున్నంతసేపూ ఆయన కుడికాలు నేలను నొక్కుతూనే ఉంది. నేను చూశాను. నా కాలూ అదే పని చేస్తోంది.

పాస్.

ఆయన నా దగ్గరికి వచ్చాడు. "ఎండ మస్తున్నది, నీళ్ళు తాగుండ్రి," అని తన చేతిలో సీసా నాకిచ్చి వెళ్ళిపోయాడు.

మార్చి 22, శనివారం

టేక్మాల్ నుంచి తిరిగి వస్తున్నాను. ఎదురుగా దామోదర్ సారు వాళ్ళ పెద్ద కారు. స్టీరింగ్ దగ్గర నిర్మలమ్మ. పక్క సీటు ఖాళీ. వెనక సీటు ఖాళీ.

లైట్లు కొట్టాను. చెయ్యి ఊపాను. నా వైపు చూడనే లేదు. కళ్ళు రోడ్డు మీదే.

చూడకూడదు కూడా. అలాగే నేర్పాను.