ఆవిడ ఫ్రిజ్

అక్కకు,

ఇక్కడ అందరం కులాసాగానే ఉన్నాం. అందరం అంటే మేమిద్దరమే అనుకో. నీ మోకాలి నొప్పి తగ్గిందని చదివాక ప్రాణం కుదుటపడింది. బావగారిని అడిగానని చెప్పు.

"కొత్త ఫ్రిజ్ కొన్నారా, లేదా?" అని అడిగావు. లేదక్కా. వంటింట్లో ఇంకా ఆవిడ ఫ్రిజ్జే ఉంది. ఆవిడంటే తెలుసుగా, నాకంటే ముందు మీ మరిదిగారిని కట్టుకుని ఈ ఇంటికి వచ్చి, జబ్బుచేసి పోయినావిడ. గోడ మీద ఆవిడ ఫోటో చూసినా నాకేమీ అనిపించదు. ఆ ఫ్రిజ్‌ని చూస్తేనే ఒళ్ళు మండిపోతుంది.

పైన మంచు గుట్టలా పేరుకుంటుంది. కింద పెట్టిన పాలు విరిగిపోతాయి. కూరగాయల డబ్బా కింద ఎప్పుడూ నీళ్ళే. అయినా మీ మరిదిగారు దాన్ని మార్చరు. ఆదివారం వస్తే చాలు, దాని ముందు కూర్చుని తలుపు రబ్బరును తడిగుడ్డతో ఎంత నెమ్మదిగా తుడుస్తారో! నాకు తలనొప్పి వచ్చినప్పుడు కూడా అంత నెమ్మదిగా మందు రాయలేదు. "ఆవిడ ఉన్నప్పటి నుంచీ ఉంది కదా" అంటారు.

మొన్న ఆయన ఆఫీసుకు వెళ్ళాక మెకానిక్‌ను పిలిపించాను. బాగుచేయించడానికి కాదు, ఇక పనికిరాదనిపించడానికి. అతను మంచు మొత్తం కరిగించాడు. లోపల వెనకవైపు నీళ్ళు పోయే చిన్న రంధ్రం మూసుకుపోతే వేడినీళ్ళతో కడిగాడు. సాగిపోయిన రబ్బరు మార్చి, ఫ్రిజ్‌ని గోడకు ఎడంగా జరిపాడు.

"మంచు అడ్డుపడి చల్లగాలి కిందికి రావట్లేదమ్మా, అంతే. ఇంకా చాలా ఏళ్ళు ఆడుతుంది."

"పాడైపోయిందని చెప్పకూడదూ?"

"నిక్షేపంలా ఉన్నదాన్ని అలా ఎలా చెప్పనమ్మా?" అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఇక నువ్వు తిట్టినా సరే, చెప్పేస్తాను. సాయంత్రం ఆయన వచ్చే వేళకి ప్లగ్గు పీకేసి, "కంప్రెసర్ పోయిందట, ఇక లాభం లేదట" అన్నాను.

కళ్ళనీళ్ళు పెట్టుకుంటారేమో అనుకున్నాను. కుర్చీలో కూలబడి నవ్వారు.

"పీడ వదిలింది. ఆవిడకి ఇదంటే గిట్టేది కాదు. వద్దు మొర్రో అంటున్నా నేనే పట్టుబట్టి కొన్నాను. దీని గురించి మేం పోట్లాడుకోని రోజు లేదు. ఓసారి గిన్నె కూడా విసిరింది. ఆవిడ పోయినా, ఇది మంచిదేనని ఎలాగైనా ఒప్పించాలని ఇన్నాళ్ళూ..." అన్నారు.

దాంతో నా అసూయ చల్లారాలి కదా? ఇంకా భగ్గుమంది. నాతో ఆయన ఒక్కసారైనా పోట్లాడలేదక్కా. ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు చూస్తారు. నేను కోపంగా తలుపు విసిరికొట్టినా "చెయ్యి నొప్పెట్టిందా?" అంటారు. గిన్నెలు విసురుకునేంత కాపురం ఆవిడది. నాకు మిగిలింది మర్యాద.

లేచి వెళ్ళి ప్లగ్గు పెట్టాను. ఫ్రిజ్ గుర్రుమంది.

"ఇదేంటి?" అన్నారు.

"అబద్ధమాడాను. బాగానే ఉంది."

"నాతో అబద్ధమా? బుద్ధుందా నీకు?"

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

"లేదు! మొగుడు ఇంకొకావిడ ఫ్రిజ్‌కి సేవలు చేస్తుంటే బుద్ధెక్కణ్ణుంచి వస్తుంది?" అని నేనూ అరిచాను.

పక్కింటివాళ్ళు కిటికీ మూసుకున్నారు. గొంతులు బొంగురుపోయేదాకా అరుచుకున్నాం. చివరికి ఆయన, "పైగా నీ కూరల్లో ఉప్పెప్పుడూ ఎక్కువే!" అని విసవిసా వెళ్ళి పడుకున్నారు.

పెళ్ళయ్యాక అంత హాయిగా నేనెప్పుడూ నిద్రపోలేదక్కా.

ఫ్రిజ్ ఉంచాలా, తీసేయాలా అన్నది ఇంకా తేలలేదు. ఇవాళ పొద్దున కాఫీల దగ్గర మళ్ళీ మొదలుపెట్టాం.

ఇట్లు,
నీ గయ్యాళి చెల్లెలు