రాహేలమ్మకు చదవని వాక్యం

నాయనా, నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. ఆదివారం గుడిలో వచ్చే బైబిలు వాక్యాన్ని నువ్వు శనివారమే ఇంటింటికీ పోయి, చదువురాని వాళ్లకు చదివి వినిపించేవాడివి. ఆరాధన అయినాక "మీకేం తోచింది?" అని అడిగేవాడివి. ఇప్పుడా పని నేను చేస్తా ఉండాను.

నిన్నటి వాక్యం నాయీను ఊరి విధవరాలిది. చచ్చిపోయిన ఆమె ఒక్కగానొక్క కొడుకును ప్రభువు లేపినాడు కదా, అది. మన రాహేలమ్మ పెద్దమ్మ కొడుకు బర్మా యుద్ధంలో పోయినాడని పోయిన నెలలోనే తంతి వచ్చింది. అందుకే శనివారం ఆమె గడప తొక్కకుండా వచ్చేసినాను. గుడిలో అయ్యగారు చదవతా ఉంటే ఆమె కొంగు నోట్లో కుక్కుకునింది.

ఆరాధన అయినాక నా దగ్గరికొచ్చింది. "అందరికీ ముందే చదివినావు. నాకెందుకు చదవలేదు పాపా?"

"బయమేసింది పెద్దమ్మా."

"మీ నాయనైతే వచ్చుండేవాడు. నాతోపాటు ఏడ్చి పోయుండేవాడు."

మధ్యాన్నం ఆమె ఇంటికి పోయి చదివినాను.

"ఆ యమ్మ కొడుకు లేచినాడే, నా కొడుకెందుకు లేయలేదు?" అని అడిగింది.

నాకు తెలీదన్నాను.

"అయితే ఇంకోసారి చదువు" అనింది.

"ఏడవొద్దు" అని ప్రభువు ఆ తల్లితో చెప్పే చోట ఏడుపొచ్చి చదవలేకపోయినాను నాయనా. ఆ మాట రాహేలమ్మే చెప్పింది, నాకు.