ఎవరు పోయారని అడగని బ్యాండు

నవంబరు 9, ఆదివారం
ఆరాధన అయ్యాక

చిరంజీవి తమ్ముడికి,

ప్రభువు నీ ఇంటిని చల్లగా చూడాలని కోరుతూ అన్న రాసేది. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అమ్మను ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాం. ఇక మందులతో పని లేదన్నారు. రెండు చెంచాల గంజి మింగుతోంది. మాట మాత్రం తేటగానే ఉంది.

బ్యాండు నడుస్తోంది. నీ కార్నెట్ బాకా దర్జీ బావ ఊదుతున్నాడు. పాట మధ్యలో కుట్టు ఊడినట్టు ఆగిపోతాడు. ఏంటి బావా అంటే, అతుకులేసేవాణ్ణి పట్టుకొచ్చి కోటు కుట్టమంటే ఎట్లా బామ్మర్దీ అంటాడు. అమ్మ మంచం మీద నుంచి ఆ మాట విని నవ్వింది. తరువాత గోడవైపు తిరిగి పడుకుంది.

నిన్న అమ్మ దగ్గరికి పిలిచి, నన్ను మట్టికి తీసుకెళ్లేటప్పుడు చిన్నోడు ఊదుతాడా అని అడిగింది. ఏం చెప్పను? నువ్వు కార్నెట్ బల్ల మీద పెట్టి వెళ్లిపోయినప్పటి నుంచి మన మధ్య మాటే లేదు.

తాత సంగతి నీకు తెలిసిందే అయినా రాస్తాను. మూసేసిన మిషను బడిలోంచి సొట్టలు పడ్డ బాకాలు తెచ్చి, గోదాములో తనతో మూటలు మోసేవాళ్లకు నేర్పాడు. పెళ్లిళ్లకు వాయించి నాలుగు డబ్బులు చేసుకుందామని వాళ్ల ఆశ. ఇంతలో ఎవరో బాటసారి దారిలో చనిపోయాడు. మోసేవాళ్లు, పాస్టరు తప్ప శవం వెనక మనిషి లేడు. తాత చూడలేక బాకాలు తెమ్మన్నాడట. సమాధుల తోట నుంచి తిరిగి వస్తూ నియమం పెట్టాడు. పిలిస్తే వెళ్లాలి. పోయింది ఎవరని అడగకూడదు. మంచినీళ్లు తప్ప ఏమీ పుచ్చుకోకూడదు.

క్వారీ యజమాని పోయినప్పుడు ఆ నియమం మన గుమ్మం ఎక్కింది. బండ బీటలు వారిందని తెలిసీ నాన్నను దాని కిందికి పంపినవాడు. ఊరంతా తలుపులు వేసుకుంది. అతని భార్య ఒక్కతే వచ్చి మన వాకిట్లో నిలబడింది. నువ్వు పనిలో ఉన్నావు. మేం వెళ్లి వాయించాం. సాయంత్రం నువ్వు వచ్చి, నాన్నను చంపినవాణ్ణి పాటతో సాగనంపావు, నీ ఒంట్లో చీమూ నెత్తురూ లేవా అన్నావు. కార్నెట్ బల్ల మీద పెట్టి గడప దాటావు.

నిన్ను బతిమాలను. నువ్వు మొండివాడివి, నేనూ ఆ కడుపునే పుట్టాను. రావడం, మానడం నీ ఇష్టం.

మరదలికి, పిల్లలకు దీవెనలు.

నీ అన్న

తా.క.: ఆ రోజు నేనూ వెళ్లనన్నాను. యజమాని భార్యను వాకిట్లోంచే పొమ్మన్నాను. అమ్మ వెనక నుంచి వచ్చి నా వీపు మీద చెయ్యి పెట్టి తోసింది. వెళ్లరా, ముక్కూ మొహం తెలియనివాడికి ఎవరైనా ఊదుతారు, మీ తాత నియమం ఇలాంటివాడి దగ్గరే నిలబడాలి అంది. నీకు చెప్పనని నా దగ్గర మాట తీసుకుంది. వాడి కోపం నీమీదే ఉండనీ పెద్దోడా, నువ్వు మోస్తావు, నా మీదికి వస్తే నేను బతకలేను అంది. ఇన్నాళ్లూ మోశాను. అమ్మకు తెలియకుండా ఇప్పుడు దించుతున్నాను. కోపంతోనే రా, కానీ ఆమెకు చెవులు వినిపిస్తుండగా రా.