అలుగు బొమ్మ కింద పేరు

నల్లగొండ,
21 నవంబరు 1999, ఆదివారం.
పొద్దున మంచు బాగా పట్టింది. మన ఇంటర్నెట్ సెంటరు ఊడ్చి, కంప్యూటర్ల మౌసుల్లో గుండ్లు తీసి దుమ్ము తుడిచాను.

నర్సింగమ్మకు,

ఇక్కడ అవ్వ, మన పిల్లాడు మల్లప్ప, నేను కులాసాగానే ఉన్నాం. అచ్చంపేట చలిలో నువ్వూ అట్లాగే ఉన్నావనుకుంటాను. మల్లప్ప దగ్గు సంగతి అడిగావు, తగ్గింది. నేను వేళకు తింటున్నానా అని అడిగావు, తింటున్నాను. నీ ఉత్తరంలో నా ఊసు ఆ ఒక్కచోటే ఉంది. మిగతాదంతా మీ బడిలో కొత్తగా చేరిన గోపయ్య సారు. ఆయన పాఠం చెబితే పిల్లలు కదలరు. ఆయన అడవిలో అలుగును, ఆ ఒంటినిండా పొలుసులుండే జంతువును, ఫోటో తీశాడు, అది ఇంటర్నెట్‌లో కూడా ఉంది. సాగర్‌లో నేను నీకు తీసిన ఫోటోలో తల రాలేదని నువ్వు ఇప్పటికీ నవ్వుతావు. చదువుతుంటే అది కూడా గుర్తొచ్చింది.

సెంటర్లో పిల్లలతో అంత రాత ఎందుకు రాయిస్తున్నావని అడిగావు. సైన్సు ప్రదర్శన కోసం ఆడపిల్లల బడి వాళ్లు ఇక్కడే బొమ్మలు వెతికి ప్రింటు తీసుకుంటున్నారు. ఏ బొమ్మ ఎక్కడిదో రెండు రోజులకే మరిచిపోతున్నారు. అందుకే బొమ్మ కింద పేజీ చిరునామా, తీసినవాళ్ల పేరు, మనం చూసిన తేదీ రాయమన్నాను. ఒకరి బొమ్మను ఇంకొకరు పెట్టుకుంటారు కాబట్టి, పేజీ నడిపేవాళ్లకు ఈమెయిల్ పంపి అడిగాకే పేరు ఖాయం చేయాలి. తప్పు పడితే పైన కాగితం అంటించకూడదు. కొట్టేసి, తప్పు ఎవరిదో, దిద్దింది ఎవరో పక్కన రాయాలి. ఇవన్నీ నేను పెట్టిన నియమాలే.

అడవి జంతువుల చార్టు ఇక్బాల్ బీ అనే పదో తరగతి అమ్మాయిది. నువ్వు చెప్పావని ఆమెకు గోపయ్య తీసిన అలుగు బొమ్మను వెతికి ఇచ్చాను. ఆమె దాని కింద గోపయ్య పేరు రాసేసింది. తీరా చూస్తే పేజీలో వేరే ఎవరి పేరో ఉంది.

నేను రోజువారీ లెక్క తప్ప ఏదీ రాయనివాణ్ని. అందుకే అసలు సంగతికి రావడానికి ఇంత సేపు పట్టింది. ఆ పేరు చూసి నాకు సంతోషమైంది నర్సింగమ్మా. నీ గోపయ్య సారు అబద్ధం చెప్పాడనుకున్నాను. ఆయన పేరు కొట్టేసి పేజీలో పేరు రాయమన్నాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసింది.

"రోజూ మమ్ముల అడిగినంకనే రాయమంటవ్ గదన్నా. గీ అలుగుకు అడగవా?"

"అవసరం లేదు, రాయి."

"గా సారు నీకేమన్న ఆస్తి పంచుకునే పాలోడా?"

ఆమె నేను చెప్పినట్టే రాసింది గానీ, నాకు తెలియకుండా ఈమెయిల్ కూడా పంపింది. నిన్న జవాబొచ్చింది. ఫోటో అచ్చంపేట గోపయ్య పంపిందేనట. పేజీ నడిపే ఆయన అన్ని బొమ్మల కింద తన పేరే పడేట్టు పెట్టుకున్నాడట. క్షమించమని, ఇప్పుడు మార్చానని రాశాడు.

కొత్త చార్టు చేద్దాం, కాగితం నేనే తెస్తానన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"నువ్వు జెప్పిందే జేస్తున్న" అన్నది.

ఇప్పుడు అలుగు కింద కొట్టేసిన పేర్లు రెండు కనబడుతున్నాయి. వాటి పక్కన ఇట్లా ఉంది: ఫోటో గోపయ్య, అచ్చంపేట. తప్పు రాయించింది బీరన్న. దిద్దింది ఇక్బాల్ బీ.

శుక్రవారం మీ బడి పిల్లలతో నువ్వూ, గోపయ్య సారూ ప్రదర్శనకు వస్తారు, ఆ చార్టు ముందు నిలబడతారు. అక్కడ చదివి తెలుసుకోవడం కన్నా ముందే నా నోట తెలియాలని రాస్తున్నాను. ఆయనకు నేనే చెప్పుకుంటాను. నువ్వు మాత్రం ఆయన పక్కన నిలబడి నవ్వకు. నీ మీద అనుమానం కాదు. నీ రోజులు నాకు కనబడవు, ఆయనకు కనబడతాయి. నా కడుపుమంట అదే.

ఆయన కెమెరా తెస్తాడేమో. నీ ఫోటో తీస్తే తల తప్పకుండా వస్తుంది. తెచ్చి గోడకు పెట్టుకుంటాను. కింద ఆయన పేరు రాయడానికి మాత్రం నాకింకా చేయి రావడం లేదు.

ఇట్లు,
మల్లప్ప నాయిన,
బీరన్న