మీసం కాల్చిన వెన్న

ఘనత వహించిన బావమరిదికి,

బండి వెనక నిలబడి మీ బావ రాయునది. నేను కాల్చిన మొక్కజొన్న పొత్తు ఉప్పూకారం అద్దిన నిమ్మచెక్క తప్ప వేరే సింగారం ఎరగదు. ఇప్పుడు ఎదురుగా అద్దాల కొట్టొకటి వెలిసింది. అక్కడ పొత్తుకి రంగురంగుల వెన్న పూస్తారు. నా బేరగాళ్లు నన్ను చూసి తల తిప్పుకుని అటే పోతున్నారు. పెద్ద హోటల్లో వంటవాడివి కదా, నిన్నడగమని మీ అక్క పోరు. చెబితే చెప్పు.

ఇట్లు,
తలవంచని బావ

తా.క. రాయడానికి వంగింది నడుమే.

*

బావకు దండాలు.

ఇన్నాళ్లకు నా పనితనం గుర్తొచ్చింది. వెన్నని మెత్తబడనిచ్చి మూడు గిన్నెల్లోకి తియ్యి. ఒకదానిలో దంచిన వెల్లుల్లి, మిరియాలు. ఇంకోదానిలో కొత్తిమీర, పచ్చిమిర్చి, నిమ్మతొక్క తురుము. మూడోదానిలో ఎండుమిర్చి పొడి, కాస్త బెల్లం. పొత్తుకి కొసదాకా పట్టించు. తిన్నవాడు చెయ్యి కూడా నాకుతాడు.

ఇట్లు,
అక్క పరువు నిలబెట్టే తమ్ముడు

తా.క. ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు. అడక్కపోయినా చెప్పు.

*

నిప్పు పెట్టిన బావమరిదికి,

నువ్వన్నట్టే పచ్చి పొత్తుకి వెన్న దట్టించి బొగ్గుల మీద పెట్టాను. వెన్న కారి మంట గొడుగంత లేచింది. సగం మీసం పోయింది. జనం మాత్రం నోళ్లు తెరుచుకుని చూశారు. ఎదుటి కొట్టువాడు పరుగున వచ్చి ఆ విద్య తనకీ చెప్పమన్నాడు. దాచుకునే నీచుణ్ణి కాను, చెప్పాను. జనం ఎక్కువుండే రోజు చూసి వాడూ వెలిగిస్తాడట.

ఇట్లు,
ఒంటిమీసం బావ

తా.క. నీ పేరూ చెప్పాను. అడక్కపోయినా.

*

బావా, దండాలు తర్వాత.

వెన్న రాసేది కాలాక. పొత్తులు కాల్చి తల నెరిసినవాడికి అది కూడా చెబితే అవమానమని రాయలేదు. ముందు ఆ కొట్టువాణ్ణి ఆపు. ఆ కొట్టు నాది. హోటలు మానేసి, ఉన్నదంతా దానిలో పోసి, నా మనిషిని కూర్చోబెట్టాను. ఆ సందులో జనం పొత్తుల రుచి మరిగింది నీ వల్లేనని అక్కడ పెట్టాను. తెలిస్తే అక్క గడప తొక్కనివ్వదని దాచాను.

ఇట్లు,
చెమటలు కారుతున్న బావమరిది

తా.క. అక్కకి చెప్పకు.

*

కొట్టు యజమానిగారికి,

మీ అక్కకి ఎప్పుడో తెలుసు. ఆ కొట్టు పొత్తు ఒక్కటి కొరికి, "ఇది మా తమ్ముడి చెయ్యి. వెన్నలో బెల్లం వేసేవాడు వాడొక్కడే" అంది. మొహంలో కోపం ఎంతో గర్వం అంత. నీ నోటితోనే చెప్పించాలని నా చేత రాయించింది. మంట కథ మాత్రం నా సొంత కల్పన, దాన్ని నీ మనిషి చెవిన వేసింది నిజం. బొగ్గుల మీద వెన్న పడితే ఏమవుతుందో తెలియనివాడు నా బండి తొయ్యడానికి కూడా పనికిరాడు.

నీ ఉత్తరం వచ్చేసరికే నీ మనిషి వెలిగించేశాడు. అద్దాలు మసిబారాయి. జనం నా బండి దగ్గరికి తిరిగొచ్చారు గానీ, పొత్తు చేతికివ్వగానే వెన్నేదని అడుగుతున్నారు. గిన్నెలు పట్టుకుని వచ్చెయ్యి. కాల్చేది నేను, రాసేది నువ్వు. మీ అక్క గడప కడిగి కూర్చుంది.

ఇట్లు,
రెండు మీసాల బావ

తా.క. సగం మీసం పోయింది నీ మనిషికి. నేను కాస్త ముందుగా రాశాను, అంతే.